పేరు చెప్పడానికి పట్టేంత సేపు

ఎక్కడికమ్మా, అని అడిగింది కండక్టర్. సలోమి నోరు తెరిచింది గాని, జగిత్యాల అనే మాటలోని మొదటి అక్షరం నాలుకకూ పైపళ్లకూ మధ్య ఇరుక్కుని కదల్లేదు. బస్సు అప్పుడే కోరుట్ల బస్టాండు దాటి రోడ్డెక్కింది. కండక్టరమ్మ ఎడమచేతిలో సలోమిదీ పక్కామెదీ ఆధార్ కార్డులు, కుడిచేతి బొటనవేలు టికెట్ మిషన్ మీద. వెనక ఇంకా పాతిక ముప్పై మంది ఆడవాళ్లు ఉచిత ప్రయాణపు జీరో టికెట్ల కోసం కార్డులు పట్టుకుని ఊగుతూ నిలబడ్డారు. కిటికీ పక్కన కూర్చున్న, తన దగ్గర కుట్టు నేర్చుకునే నిఖత్ కూడా జగిత్యాలకే పోతోంది, ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. నిఖత్ అనలేదు, బయటికి చూస్తూ ఊరుకుంది. జ, జ, అని రెండుసార్లు తడబడి, ఊపిరి వదిలి, మళ్లీ తీసుకుని, జగిత్యాల, అంది సలోమి. రెండు, అని కూడా అంది. మిషన్ కిర్రుమని రెండు కాగితం ముక్కలు బయటికి తోసింది. ఇంతే గదా. ఒకరు అడగడం, ఇంకొకరు చెప్పడం. మామూలు మనుషులు ఈ పని రోజుకు ఎన్నిసార్లు చేస్తారో వాళ్లకే తెలియదు. సలోమికి మాత్రం ఈ నలభై ఏడేళ్లలో చెప్పగలిగినవన్నీ గుర్తే, చెప్పలేక మింగేసినవి ఇంకా ఎక్కువ గుర్తు. పదకొండు గంటలకు జగిత్యాలలో చర్చి కమిటీ కూర్చుంటుంది. బల్లకు అటువైపు ఏడుగురు పెద్దలు. వాళ్లు మొట్టమొదట అడిగేది కూడా ఇంత చిన్న ప్రశ్నే, మీ పేరేందమ్మా, అని. జనవరిలో అంతా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఇవాళ కూడా అక్కడే ఆగితే, జూన్‌లో టాంజానియాకు సేవకు పోయేవాళ్లలో సలోమి ఉండదు.

బస్సు ఊరు దాటింది. ఏప్రిల్ ఎండ పదింటికే అద్దాల మీద తెల్లగా పడుతోంది. నోటికి రాని ఊరికి టికెట్ తీసుకోలేక ఇంకో ఊళ్లో దిగిన రోజులున్నాయి. పెళ్లయిన ఏడాది సిరిసిల్ల నుంచి ఒక్కతే మల్యాలకు పోతూంటే, మ దగ్గర పెదాలు అతుక్కుపోయి విడిపడకపోతే, కండక్టర్ విసుక్కుంటుంటే, అప్పటికి నోట్లోంచి సులువుగా వచ్చిన కొండగట్టు అనేసింది. కొండగట్టుకే టికెట్ కొట్టాడు. మొక్కులకు వచ్చిన జనం మధ్య అక్కడ దిగి, తలమీద కొంగు కప్పుకుని, మక్కచేల పక్కనుంచి మండుటెండలో మల్యాల దాకా నడిచింది. ఎందుకింత ఆలస్యమైందని అక్కడి చుట్టాలు అడిగితే, దానికి జవాబు చెప్పడానికి ఇంకా పెద్ద మాటలు కావాలి, అవీ రాలేదు. నవ్వి ఊరుకుంది. ఆమె నవ్వును లోకమంతా నెమ్మదితనం అనుకుంది. పెళ్లిచూపుల్లో కూడా పిల్ల మాట తక్కువ మనిషి అని మెచ్చుకున్నారు. మాట తక్కువేం కాదు. లోపల వరదగా ఉండేది, గుమ్మం దగ్గరే తొక్కిసలాట.

గుమ్మం దగ్గర అంటే వెల్గటూరు బడి గుమ్మమే గుర్తొస్తుంది. ఏడో తరగతి. గోదావరి మీదినుంచి వచ్చే గాలికి హాజరు పట్టీలోని కాగితాలు ఎగురుతుంటే సారు వాటిమీద చెయ్యి పెట్టుకుని పేర్లు పిలిచేవాడు. ప్రెజెంట్ సార్, అనాలి. ప దగ్గర పెదాలు మూసుకునేవి. సారు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. తల ఎత్తకుండా పిలుస్తాడు, జవాబు రాకపోతే గీత గీసి తర్వాతి పేరుకు పోతాడు. మూడో వరసలో కూర్చుని, తాను రాలేదని రాస్తున్న ఆ కలాన్ని రోజూ చూసేది సలోమి. ఏడాది చివర హాజరు చాలలేదు, పరీక్షకు కూర్చోనివ్వం అన్నారు. నాయన ఇంటికొచ్చి, "రోజు బడికే వోతివి గద బిడ్డా, మరి ఏడికి వోయినవు?" అని అడిగాడు. అది కోపం కూడా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు. చెప్పడానికి ఎంత సేపు పట్టేదో అంత సేపు నాయన దగ్గర లేదు, కోత కూలీకి పొద్దుపోతోంది. ఆ పిల్ల ఇంకా అక్కడే కూర్చుని ఉందని చాలా ఏళ్లు అనిపించేది. ఈ మధ్య అనిపించడం లేదు. ఎప్పటినుంచి అనిపించడం లేదో ఆలోచిస్తే, కుట్టు క్లాసు మొదలైన దగ్గరినుంచే కావచ్చు.

రోడ్డు మీద సగం దాకా పసుపు కొమ్ములు ఆరబోశారు, డ్రైవర్ వాటిని తప్పించి బస్సును పక్కకు తిప్పాడు, నిలబడ్డవాళ్లంతా ఒకరిమీద ఒకరు వాలారు. ఎవరి ఒళ్లోనో చంటిపిల్ల ఏడుపు మొదలెట్టింది. ఇంజను మోత, పిల్ల ఏడుపు, ఫోన్లలో పాటలు, వీటన్నిటి మధ్య సలోమికి హాయిగా ఉంది. చప్పుడులో ఆమెకు ఎప్పుడూ హాయే. పందొమ్మిదేళ్లకు సిరిసిల్ల కోడలై వచ్చిన రోజు, సాంచాల వాడలో అడుగుపెట్టగానే చెవులు దిమ్మెక్కాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఒక్కో షెడ్డులో పదీ పన్నెండు సాంచాలు టకటకమని పొద్దంతా కొట్టుకుంటుంటే, పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. కొత్త కోడళ్లు ఆ మోతకు ఏడుస్తారట. సలోమికి స్వర్గంలోకి వచ్చినట్టయింది. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అంతా చేతులతోనే మాట్లాడతారు. భర్త ముత్యం నాలుగు సాంచాలు నడిపేవాడు, ఆమె దారం కండెలు చుట్టేది. రెండు వేళ్లు ఎత్తితే చాయ, అరచెయ్యి బోర్లిస్తే దారం తెగింది, చెంపకు చెయ్యి ఆనిస్తే ఇంటికి పోయి పడుకో. ఆ భాషలో ఆమెకు నత్తి లేదు. వారం తిరగకుండానే వాడలో అందరికంటే వేగంగా చేతులతో మాట్లాడే మనిషి ఆమే అయింది. సాంచాలు ఆగిన ఆదివారం మాత్రం ఇల్లంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ముత్యానికి ఏదైనా చెప్పాలంటే మళ్లీ మొదటికొచ్చేది. అతను ఏం చేసేవాడంటే, ఏమీ చేసేవాడు కాదు. తలుపుకు ఆనుకుని కూర్చుని ఎదురుచూసేవాడు. ఆమె తడబడుతూ, పర్లేదు పోనీ అన్నట్టు చెయ్యి ఊపితే, "ఆదివారం నాకేం పనుందే, నీ మాట వచ్చేదాక కూసుంట, చెప్పు," అనేవాడు.

ముత్యం ఛాతీలో నూలు పొట్టు పేరుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. చివరి రెండు నెలలు మాటకూ మాటకూ మధ్య అతనికి ఊపిరి అందేది కాదు. అప్పుడు సలోమి మంచం పక్కన కూర్చుని ఎదురుచూసేది. నీళ్లు అనడానికి ఎంత సేపు పడితే అంత సేపు, గ్లాసు చేతిలోనే ఉన్నా, నీళ్లా అని ముందుగా అడగకుండా. మాట నోట్లో ఉన్న మనిషికి ఇంకొకరు అందిస్తే ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆమెకు తెలుసు. ఏడేళ్లయింది. ఆ దుఃఖం ఇప్పుడు గుచ్చుకోదు. కుట్టిన బట్టలో దారంలా లోపలికి పోయి, పట్టి ఉంచుతోంది.

తర్వాత ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుట్టే చోట పనికి కుదిరింది. ఆరేళ్లలో మిషన్ ఆగిపోతే చెవి పెట్టి విని ఏ స్క్రూ వదులైందో చెప్పగలిగేంత నేర్చుకుంది. ఒక ఆదివారం సిరిసిల్ల సంఘంలో ఆరాధన అయ్యాక ఒక ఉత్తరం చదివారు. టాంజానియాలో పెద్ద సరస్సు ఒడ్డున ఒక ఊరు. మగవాళ్లు చేపలవేటకు పోయి తిరిగిరాని ఇళ్లు చాలా ఉన్నాయి. నలభై మంది ఆడవాళ్లు బతుకుతెరువు కోసం వెతుకుతున్నారు. ఎవరో దానంగా పన్నెండు కుట్టుమిషన్లు పంపారు గాని, నేర్పే మనిషి లేక రెండేళ్లుగా అవి పెట్టెల్లోనే ఉన్నాయి. మీలో ఎవరైనా వస్తారా. అందరూ తలలు వంచి ప్రార్థన చేసుకుంటున్నారు, ఆ ఆడవాళ్లకు తోడుండు ప్రభువా అని. సలోమికి మాత్రం కళ్లు మూసుకుంటే ఆ పెట్టెలే కనిపించాయి, లోపల నూనె గడ్డకట్టి, బెల్టులు బిర్రబిగిసి, సూదులు తుప్పుపడుతూ. ఎవరో పిలిచినట్టు ఏ స్వరమూ వినపడలేదు ఆమెకు. అయ్యో మిషన్లు పాడైపోతాయే, అనిపించింది అంతే. చెయ్యి ఎత్తింది. మంచినీళ్లు కావాలేమో అనుకుని పక్కామె సీసా అందించింది.

అత్త మల్లవ్వ ఆ రాత్రి బువ్వ తినకుండా కూర్చుంది. "నీకు ఈ వాడల నాలుగు ముచ్చట్లు చెప్పవశం గాదు, దేశం గాని దేశంల ఏం మాట్లాడుతవే?" అంది. తెల్లారాక, బీడీ ఆకులు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే మళ్లీ తనే అంది. "పో. నేనైతె మస్తు మాట్లాడుదు, గని నాకు కుట్టుడు రాదాయె. దేవుడు పని వచ్చినోళ్లనే అడుగుతడు కావచ్చు." ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తుంది సలోమికి. నవ్వింది కూడా, బస్సులోనే. నిఖత్ తిరిగి చూసి, ఏమిటని అడగకుండా తనూ నవ్వింది.

కోరుట్లలో, సేవకు పోయేవాళ్లను తయారుచేసే మిషన్ హౌస్ అంటే పెద్ద భవనం అనుకుంది, పోయి చూస్తే పాత పెంకుటిల్లు, వెనక బోరింగు, ముందు రెండు వేపచెట్లు. అక్కడ ఆరుగురు తయారవుతున్నారు. ఒకరు నర్సు, ఒకరు బోర్లు వేసే మెకానిక్కు, మిగతావాళ్లు చదువుకున్న పిల్లలు. నేర్పేది శేఖర్ సార్, ఆ సరస్సు ఒడ్డునే పదకొండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి, ఇప్పటికీ చలిజ్వరం ఏడాదికోసారి వచ్చి పలకరించి పోతుంది. నాలుగున్నరకు గంట. ప్రార్థన. అరబకెట్ నీళ్లతో స్నానం, ఎందుకంటే అక్కడ నీళ్లు మోసుకురావాలి. ఐదు కిలోమీటర్లు నడక. దోమతెర కట్టడం, విప్పడం, చీకట్లో మళ్లీ కట్టడం. సాయంత్రం స్వాహిలి. మొదటి వారం ఉగాలి వండారు, అక్కడివాళ్ల రోజువారీ తిండి, ఎట్లా ఉంటుందో అని చదువుకున్న పిల్లలు భయపడుతుంటే, సలోమి గిన్నెలోకి చూసి గరిటె తీసుకుని తిప్పింది. మక్కపిండి, ఉప్పు, నీళ్లు. ఇది మక్కగడ్క. అమ్మ చేతి గడ్క. సముద్రాల అవతల ఆడవాళ్లు కూడా దీన్నే తిప్పుతున్నారు, ఇదే అలసిన చేత్తో. ఆ రోజు ఆమెకు సగం భయం పోయింది. మిగిలిన సగం భాష. స్వాహిలి వస్తే నత్తి పోతుందేమోనని రహస్యంగా ఆశపడింది. సూదిని సిందానో అంటారు, దారాన్ని ఉజి అంటారు. సిందానోలో స దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయింది. శేఖర్ సార్ ఓపిగ్గా విని, "మంచిదే సలోమమ్మా, రెండు భాషలల్ల ఒకే తీరుగ ఉన్నది, పక్షపాతం లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పొట్ట పట్టుకుని. నత్తి గురించి ఒకరు నవ్వితే తను నవ్వడం బతుకులో అదే మొదటిసారి.

ఇప్పుడు మేడిపల్లి. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, కండక్టరమ్మ గొంతు. ఇంకా సగం దారి. గుండె కొంచెం గట్టిగా కొట్టుకోవడం మొదలైంది, జనవరి గుర్తొచ్చే చోటికి మనసు వచ్చేసింది మరి. ఆ హాలు, ఆ పొడుగు బల్ల, మధ్యలో కృపానందం అయ్యగారు. జగిత్యాల సంఘ కాపరి, కమిటీకి పెద్ద, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. మీ పేరు చెప్పండమ్మా, అన్నాడు. మనిషికి అన్నిటికంటే కష్టమైన మాట తన పేరే అని నత్తి లేనివాళ్లకు తెలియదు. వేరే మాటైతే పక్కనున్న మాటకు తప్పుకోవచ్చు, కొండగట్టులో దిగి నడవచ్చు. పేరుకు పక్కదారి లేదు. స దగ్గర గాలి పోతూనే ఉంది, బుస్సుమని, మాట లేదు. మెడనరాలు బిగుసుకున్నాయి. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇంకొకాయన పైకప్పు చూశాడు. అప్పుడు, జాలితోనే, ప్రేమతోనే, శేఖర్ సార్ అందించాడు, ఈమె పేరు సలోమి అయ్యగారు, అని. అంతే. తర్వాతి ప్రశ్నలన్నిటికీ శేఖర్ సారే జవాబు చెప్పాడు, ఆమె అక్కడ లేనట్టే. చివర్లో కృపానందం అయ్యగారు మెత్తగానే అన్నాడు. "మైకు వట్టుకొని మాట్లాడలేని మనిషిని సముద్రం దాటిస్తె ఆమెకే కష్టమైతది సార్. మూడు నెలలు చూద్దాం." అందులో ఎగతాళి లేదు. అందుకే ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

మూడు నెలలు. శేఖర్ సార్ ఆమెకు ఒకటే పని అప్పగించాడు. మిషన్ హౌస్ వరండాలో కుట్టు నేర్పాలి, కోరుట్లలో ఎవరొస్తే వాళ్లకు, అక్కడ నేర్పబోయేది ఇక్కడ నేర్పి చూపాలి. పద్నాలుగు మంది వచ్చారు. రైతుల కోడళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, దుబాయిలోనూ మస్కట్‌లోనూ మగవాళ్లున్న ఇళ్ల ఆడవాళ్లు. నిఖత్ ఆ దుబాయి ఇళ్లలోది, ముప్పై ఏళ్లు, వాళ్ల వీధి నుంచి నాహీద్ అనే ఇంకొకామెను కూడా వెంటబెట్టుకొచ్చింది. మొదటి రోజు సలోమి గుండీ పట్టే కాజా ఎట్లా కుట్టాలో చెప్పబోయి క దగ్గర ఆగిపోతే ఇద్దరు ముగ్గురు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రెండో రోజు ఒకామె పగలబడే నవ్వింది. ఆ సాయంత్రం సలోమి బోరింగు దగ్గర కూర్చుని, రేపు రానని చెప్పేద్దామా అనుకుంది. చెప్పేద్దామంటే అదొక వాక్యం. దానికి పట్టే శ్రమ కంటే రేపు క్లాసుకు పోవడమే సులువు. పోయింది. మూడో రోజు క దగ్గర ఆగినప్పుడు ఎవరో గొణిగితే, నిఖత్ సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి, గట్టిగానే అంది. "అక్కా, ఆరాంగ చెప్పు. మాకు తొందరేం లేదు. మా మగోళ్లు వచ్చేవరకు ఇంక రెండేండ్లున్నది." వరండా అంతా గొల్లుమంది, ఈసారి నవ్వు ఆమె మీద కాదు. తర్వాత ఎవరూ మధ్యలో అందుకోలేదు. ఆమె ఆగితే వాళ్లు దారం ఎక్కించుకునేవాళ్లు, మాట వచ్చేసరికి తలెత్తేవాళ్లు. రెండో నెలకు పద్నాలుగు మందీ జాకెట్లు కుడుతున్నారు. ఒక్కరు కూడా మానలేదు. నవ్విన ఆమె జాకెట్‌కు అందరికంటే బాగా మెడ తిప్పి కుడుతుంది. ఆ వరండాలో ఒక మధ్యాహ్నం సలోమికి ఒక సంగతి తెలిసింది, ఎవరూ చెప్పకుండానే. తను ఇన్నేళ్లూ మాట రాకపోవడం గురించి భయపడలేదు. ఎదుటివాళ్లు ఆగరేమోనని భయపడింది. ఆగమని అడగవచ్చునని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

అడగవచ్చు. బస్సు చల్‌గల్ దగ్గర నెమ్మదించింది, మామిడికాయల ట్రాక్టర్లు మార్కెట్‌లోకి మలుపు తీసుకోవడానికి వరసకట్టాయి, గడ్డి మీద పరిచిన కాయల వాసన కిటికీలోంచి ఒక్కసారిగా కమ్ముకుంది. పచ్చివాసన, జీడివాసన, వేసవి అంతా అందులో ఉంది. అడగవచ్చు. ఆ మాట మనసులో పడగానే వీపు నిటారయింది. పదీ నలభై. గుండె ఇంకా కొట్టుకుంటోంది, భయపడే మనిషి గుండెలా కాదు, పందెం గీత దగ్గర నిలబడ్డ మనిషి గుండెలా. ట్రాక్టర్లు కదిలాయి. బస్సు కదిలింది.

చర్చి గేటు దగ్గర వేపనీడలో శేఖర్ సార్ నిలబడి ఉన్నాడు, ఆమెకంటే ఆయనే ఎక్కువ చెమటపట్టి ఉన్నాడు. నిఖత్ వసారాలో బెంచీ మీద కూర్చుంటానంది. సలోమి ఆయన ముందుకు పోయి నిలబడి, మెల్లగా, మూడుసార్లు ఆగి, అంది. "సార్. లోపల నా పేరు మీరు చెప్పద్దు." ఆయన ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. జనవరిలో తాను చేసిన సాయం ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. "చెప్పనమ్మా," అన్నాడు. "గంటైనా సరే, నోరు తెరవను."

అదే హాలు. అదే బల్ల. ఫ్యాను తిరుగుతోంది, గోడ మీది పెద్ద పటం అంచు లేచి పడుతోంది. ఏడుగురు. కృపానందం అయ్యగారు తల ఊపి, "కూసోండమ్మా. మీ పేరు?" అన్నాడు. సలోమి కూర్చోలేదు. కుర్చీ వీపు మీద చేతులు పెట్టి నిలబడింది. స. గాలి. గాలి పోతూనే ఉంది. పళ్ల మధ్యనుంచి ఆ బుస్సుమనే చప్పుడు హాలంతా వినిపిస్తోంది. మొదటి ఊపిరి అయిపోయింది. ఒకాయన కళ్లజోడు తీశాడు, తీసి శేఖర్ సార్ వైపు చూశాడు, మీరు చెప్పవచ్చు గదా అన్నట్టు. శేఖర్ సార్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు, దవడ బిగించి. రెండో ఊపిరి. ఆమె కళ్లు దించుకోలేదు. ఒక్కొక్కరి ముఖం చూసింది, తొందరలేకుండా, వాళ్లను తనే ఏదో పరీక్ష చేస్తున్నట్టు. బయట ఆటో ఒకటి పోయింది. స, స, అన్న రెండు చిన్న అడుగులు, తర్వాత మెట్టు దిగినట్టు, "సలోమి," అంది. పేరు గాలిలోకి వచ్చింది. అంత చిన్న మాట. ఆగలేదు, దాని వెంటే మిగతాది వచ్చింది, ఆగుతూ, తడబడుతూ, ఒక్క అక్షరం కూడా వదిలిపెట్టకుండా. "నాకు నత్తి ఉన్నది. నేను ఆగినప్పుడు మీరు గూడ ఆగుండ్రి. మాట నేనే చెప్త."

కృపానందం అయ్యగారు పెన్ను బల్లమీద పెట్టి, చేతులు ముడుచుకుని, వెనక్కి ఆనుకున్నాడు. ఆగే మనిషి అట్లానే కూర్చుంటాడు. ఇక తర్వాత ఎంత సేపు మాట్లాడిందో ఆమెకు తెలియదు. వెల్గటూరు హాజరు పట్టీ చెప్పింది, సాంచాల షెడ్డులో చేతుల భాష చెప్పింది, పెట్టెల్లోని మిషన్ల గురించి చెప్పింది, వాటికి మొదటి వారం ఏ ఏ భాగాలు విప్పి నూనె పెట్టాలో కూడా చెప్పింది. తన గొంతును తనే వింటుంటే వింతగా ఉంది, ఇంత పొడుగున ఎప్పుడూ వినలేదు, కొంచెం బొంగురు గొంతు, బాగానే ఉంది. కొన్ని మాటల దగ్గర చాలా సేపు ఆగింది. ఆ ఆగినప్పుడల్లా హాలు కూడా ఆగింది.

"ఒక్కటడుగుత," అన్నాడు కృపానందం అయ్యగారు చివరికి. "ఆడ నిన్ను చూసి నవ్వుతరు. అప్పుడేం జేస్తవు?"

"ఈడ గూడ నవ్విండ్రు అయ్యగారు. రెండు రోజులు నవ్విండ్రు. మూడోనాడు కాజాలు మొదలువెట్టినం."

బల్ల చివర కూర్చున్న ముసలాయన ఫక్కున నవ్వి, దగ్గుతో కప్పుకోబోయి, కప్పుకోలేకపోయాడు.

"మరి వాక్యం? పదిమందిల లేచి బోధ చెయ్యాల్నంటె?"

దీనికి ఆమె బస్సులో జవాబు తయారుచేసుకోలేదు. అది తనంతట తానే వచ్చింది. "సూది వట్టుడు నేర్పాల్నంటె పక్కకు కూసోవాలె అయ్యగారు. పక్కకు కూసున్నోళ్లకు మైకు ఎందుకు? అడిగితె చెప్త. ఎంతసేపైనా చెప్త."

బయట కూర్చోమన్నారు. రెండు నిమిషాలు కూడా కాలేదు, వసారా దాకా పోనేలేదు, తలుపు దగ్గరినుంచే మళ్లీ పిలిచారు. అందరి ముఖాలూ చూడగానే తెలిసింది. అయినా కృపానందం అయ్యగారు లేచి నిలబడి పద్ధతిగా చెప్పాడు, కమిటీ ఒప్పుకుంది, జూన్ పదకొండున ప్రయాణం, పాస్‌పోర్టు శేఖర్ సార్‌కు అప్పగించాలి. తర్వాత కొంచెం ఆగి, "పోయినసారి నేను తొందరపడ్డనమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన తేలిగ్గా అనలేదు, ఆయనకూ అది గొంతులో ఒకచోట తట్టుకుంది. సలోమి ఆయన పూర్తిచేసేదాకా చూసి, తల ఊపింది. శేఖర్ సార్ ముఖం గోడవైపు తిప్పుకుని రుమాలుతో చెమట తుడుచుకుంటున్నాడు, చాలా సేపు తుడుచుకున్నాడు.

"వచ్చే ఆదివారం సంఘానికి ప్రకటన చెయ్యాలె," అన్నాడు కృపానందం అయ్యగారు, ఆరాధన క్రమం రాసిన కాగితం ముందుకు లాక్కుంటూ. "నేను చెప్త. నువ్వు లేసి నిలవడితె సాలు."

"వద్దయ్యగారు. నేనే చెప్త."

"ఎంతసేపు కావాలె?"

"ఎంతసేపు వడితె అంతసేపు."

ఆయన కాగితం వైపు చూశాడు. పాటలు, కానుకలు, పఠనం, ప్రసంగం. మూడు వందల మంది కూర్చునే ఆరాధన. జేబులోంచి రెండో పెన్ను తీసి, ప్రసంగం పక్కన ఉన్న తన పేరును ఒక్క గీతతో కొట్టేసి, దాని మీద శుభ్రంగా, గుండ్రని అక్షరాలతో, సలోమి అని రాశాడు. రాసి, అందరికీ కనిపించేట్టు బల్ల మధ్యకు తోశాడు.

ఆమె బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. ఎక్కడికీ కాకుండా, ఊరికే, గట్టిగా నడవాలనిపించింది. కాళ్లలో అంత ఊపు. సరస్సు అంటే ఎంత ఉంటుందో, గోదావరి అవతలి గట్టు కనిపిస్తుంది, దానికి అవతలి గట్టు కనిపించదట. పన్నెండు పెట్టెలు. నలభై మంది ఆడవాళ్లు, వాళ్లలో మొదటి రోజు ఎవరు నవ్వుతారో, మెడ బాగా తిప్పేది ఎవరో, ఇంకా పేర్లు తెలియని ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా తన వైపు తిరిగినట్టయింది. వాళ్లకు కూడా చెప్పాలి మొదటి రోజే, ఆగుండ్రి అని. స్వాహిలిలో దాన్నేమంటారో శేఖర్ సార్‌ను ఇవాళే అడగాలి.

నిఖత్ బెంచీ మీదినుంచి లేచి గేటు దాకా వచ్చేసింది. అక్క ముఖం చూసింది. ఆ ముఖం చూసినవాళ్లు ఎవరికైనా తెలిసిపోతుంది, నిఖత్‌కు తెలియదా. అయినా తెలిసినట్టు కనిపించలేదు. చేతిలోని పర్సును చంకకింద పెట్టుకుని, "చెప్పక్కా," అంది.

సలోమి నోరు తెరిచింది. ప దగ్గర పెదాలు మూసుకున్నాయి. రోడ్డు మీదినుంచి ఆటో ఒకటి వాళ్ల పక్కన ఆగి, బస్టాండా, బస్టాండా, అంటూ హారన్ కొట్టింది. నిఖత్ అటు తిరక్కుండానే, ఆగమన్నట్టు ఆటో వైపు చెయ్యి చాపి, అక్క వైపే చూస్తూ నిలబడింది. ఆటో అతను ఇంజను ఆపేశాడు. రోడ్డు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది.

"పోతున్న," అంది సలోమి. "నేను పోతున్న నిఖత్."